కట్నం వద్దన్న కారు

పెళ్ళిచూపుల్లో "మాకు కట్నం మీద ఆశ లేదండీ" అన్న మాట వినబడిన రాత్రి ఆడపిల్ల తండ్రికి నిద్ర పట్టదు. ఎంత కావాలో చెప్పినవాడితో బేరమాడవచ్చు. వద్దన్నవాడి దగ్గర లాంఛనాలు మొదలవుతాయి: ఆడపడుచుకు ఇంత, తోడిపెళ్ళికొడుక్కి ఇంత, విడిదిలో ఏసీ గదులు ఇన్ని. తరతరాలుగా మన రక్తంలో ఉన్న జ్ఞానం ఇది. అయినా మాదాపూర్‌లో ఒక అద్దాల కార్యాలయం ముందు "సున్నా డౌన్ పేమెంట్‌తో కొత్త కారు" అన్న బోర్డు చూసి నేను లోపలికి వెళ్ళాను. అందువల్ల ప్రజాహితం కోరి ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

లీజు కారంటే తెలియనివారు ఉండరు. కారు వాళ్ళది, డ్రైవింగు మనది, గడువు తీరాక బండి అప్పగించి ఆటో ఎక్కి ఇంటికి రావాలి. ఎదుట కూర్చున్న కుర్రవాడు చాలా మర్యాదస్థుడు. కాఫీ తెప్పించి, "నెలకు 25 వేలు సార్, అంతే" అన్నాడు.

"అయితే ఈరోజు ఏమీ కట్టనక్కర లేదా బాబూ?"

"డౌన్ పేమెంట్ ఏమీ లేదు సార్. డిపాజిట్ మాత్రం ఉంటుంది."

ఈ "మాత్రం" దగ్గరే లాంఛనాల జాబితా తెరుచుకుంది. మూడు నెలల అద్దె డిపాజిట్, 75 వేలు. మొదటి నెల అద్దె ముందుగానే, 25 వేలు. దాని మీద 18 శాతం జీఎస్టీ, 4,500. ప్రాసెసింగ్ ఫీజు 5 వేలు, దానికీ జీఎస్టీ 900. కుర్రవాడు క్యాలిక్యులేటర్ నా వైపు తిప్పాడు: 1,10,400. బోర్డు మీద చెప్పిన సున్నా ఏదీ అని కళ్ళజోడు సర్దుకుని వెతికాను. అబద్ధమాడకూడదు, ఒకటి కాదు, మూడు కనిపించాయి.

జీఎస్టీ విషయంలో కుర్రవాడిని తప్పుపట్టలేము. కారు అమ్మితే ఎంత శాతమో, అద్దెకిచ్చినా అంతే శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు 18, పెద్ద కార్లకు 40. అంటే హోదా కోసం పెద్ద బండి ఎంచుకున్నవారు నెలనెలా పన్ను రూపంలో ఇంకో చిన్న అద్దె కడుతుంటారు. డిపాజిట్ మీద మాత్రం జీఎస్టీ లేదు. ఆ డబ్బు నాదేనని, మళ్ళీ నాకే వస్తుందని ప్రభుత్వం నమ్మింది. నా భార్య నమ్మలేదు.

ఆమె అనుమానానికి ఆధారం ఉంది. డిపాజిట్ తిరిగి రావడమంటే పుట్టింటికి వచ్చిన కూతురిలా నిండుగా రావడం కాదు. సొట్టకు కొంత, గీతకు కొంత, సీటు మీద చారు మరకకు కొంత కోసుకుని, మిగిలినది ఇస్తారు. నెలకు 1,500 కిలోమీటర్ల హద్దు కూడా పెట్టారు. మన ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు కదా, నెలలో పదో చుట్టు సగంలో ఉండగా మన మీటరు మొదలవుతుంది. పైగా మూడేళ్ళపాటు ఆ 75 వేలకు దమ్మిడీ వడ్డీ రాదు. బ్యాంకులో ఏడు శాతానికి వేసుకుంటే ఏడాదికి 5,250 వచ్చేది. ఆ లెక్క నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇద్దరమూ పెద్దమనుషులం.

నన్ను నిజంగా ముగ్ధుణ్ణి చేసినది చివరి ప్రతిపాదన. "ముందుగా 1,80,000 కడితే నెల అద్దె 20 వేలకే పడుతుంది సార్." 20 వేలకే! కుర్చీలో ముందుకు జరిగాను. ఐదు వేలు తగ్గింపు, 36 నెలలు. ఐదు ముప్పై ఆరులు నూట ఎనభై. నా డబ్బునే నాకు నెలకు ఐదు వేల చొప్పున రాయితీగా ఇస్తున్నారు, పైగా నేను కృతజ్ఞతతో తల ఊపుతున్నాను. జీతం మీద బతికేవాడికి నెలవారీ అంకె ఒక్కటే కనబడుతుందని వాళ్ళకు తెలుసు. తల ఊపడం ఆపి, ఆ ప్రతిపాదన వద్దన్నాను. కారు వద్దనలేకపోయాను. అప్పటికి కాఫీ తాగేశాను.

ఆదివారం బండిని జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడికి తీసుకువెళ్ళాము. పూజారిగారు కొబ్బరికాయ అందుకుని, "బండి ఎవరి పేరు మీద ఉంది నాయనా? గోత్రం చెప్పండి" అన్నారు. అమ్మవారి ఎదుట అబద్ధమెందుకని, కంపెనీ పేరు మీద అన్నాను.

"కంపెనీది ఏ గోత్రం?"

తెలియదన్నాను. ఆయన కంగారుపడలేదు. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం ఉండనే ఉంది. అలా కాశ్యపస గోత్రోద్భవమైన ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీకి సకుటుంబంగా ఆయురారోగ్య ఐశ్వర్యాలు కలగాలని సంకల్పం చెప్పించి, 516 రూపాయల దక్షిణ నేను పెట్టాను.

తరువాత ఆయన పసుపులో వేళ్ళు ముంచి బానెట్ వైపు వంగారు. తెల్ల బండి. ఒప్పందంలో రంగు మీద మరకల గురించిన పేజీ నా కళ్ళ ముందు మెదిలింది.

"స్వామీ, అద్దం మీద పెట్టండి. తుడిస్తే పోతుంది" అన్నాను.

ఆయన ఒకసారి నన్ను, ఒకసారి నా భార్యను చూశారు. ఆమె గోపురం వైపు తిరిగి దండం పెట్టుకుంటోంది. బొట్టు అద్దం మీదే పడింది. బండి కదిలింది, నాలుగు నిమ్మకాయలూ చిట్లాయి. కొంచెం దూరం పోనిచ్చి ఆపి, దిగి, టైర్ల అంచులకు రసం మరక ఏమైనా అంటిందేమోనని వంగి చూశాను.