మనీప్లాంటునూ లిల్లీనీ ఒకే గాటన కట్టకండి

పిల్లులకు విషమయ్యే మొక్కల జాబితాలు వాట్సాప్‌లో విరివిగా తిరుగుతున్నాయి. పంపేవారి ఉద్దేశం మంచిదే అయినా, కలబందను, మనీప్లాంటును, లిల్లీని వరుసగా పేర్చి వదిలేసే ఆ జాబితాల వల్ల మేలుకంటే కీడే ఎక్కువని నా అభిప్రాయం. కిటికీ దగ్గర సీసాలో పెరిగే మనీప్లాంటును హడలిపోయి పారేసినవారే, పుట్టినరోజుకు వచ్చిన లిల్లీల బొకేను నిశ్చింతగా టీపాయ్ మీద అలంకరించుకోవడం నేను చూశాను.

మనీప్లాంటు ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. పిల్లి కొరకగానే అవి నాలుకకు, చిగుళ్లకు గుచ్చుకుంటాయి. చొంగ కారుతుంది, ముందుకాలితో మూతిని పదేపదే రుద్దుకుంటుంది, వాంతి కూడా కావచ్చు. ఆ మంటకు అది సాధారణంగా ఇంకా తినకుండా వదిలేస్తుంది కనుక ప్రాణం మీదికి రావడం అరుదు. డీఫెన్‌బేకియా, పీస్ లిల్లీ కూడా ఈ కోవలోనివే.

అసలైన లిల్లీ సంగతి వేరు. మన పూలదండల్లో గుచ్చే లిల్లీ వేరే మొక్క, దాని గురించి భయం లేదు. నేను చెబుతున్నది బొకేల్లో వచ్చే ఆసియాటిక్, ఓరియంటల్ లిల్లీల గురించి, కుండీల్లో పెంచే డే లిల్లీల గురించి. వాటి ఆకు, రేకు, కాండం, చివరకు పూలు ఉంచిన నీళ్లు కూడా పిల్లి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పూలను రాసుకుంటూ వెళ్లిన పిల్లి, ఒంటికి అంటిన ఆ కాషాయరంగు పుప్పొడిని తర్వాత తీరిగ్గా నాక్కున్నా చాలు. మొదట వాంతులు, నీరసం కనిపిస్తాయి. ఆపైన వాంతులు తగ్గి కోలుకున్నట్టే అనిపించినా, ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రపిండాలు విఫలం కావచ్చు. విషం లోపలికి వెళ్లిన 18 గంటలలోపు సెలైన్ ఎక్కించడం మొదలైతే బతికే అవకాశం చాలా మెరుగు కనుక, తెల్లవారాక చూద్దామని ఆగకండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించాలని మాత్రం ప్రయత్నించకండి, ఆ ఉప్పే మరో ప్రమాదం తెస్తుంది.

నర్సరీల్లో సైకస్ పేరుతో అమ్మే మొక్క కూడా ఇంతే ప్రమాదకరం. అది కాలేయాన్ని పాడుచేస్తుంది, గింజల్లో విషం మరీ ఎక్కువ.

ఎత్తైన అరలో పెడితే సరిపోతుందని కొందరంటారు. పిల్లి ఎక్కలేని అర ఏది? ఎక్కకపోయినా పుప్పొడి కిందికి రాలుతుంది కదా! బొకే చుట్టి ఇచ్చే ముందు ఇంట్లో పిల్లి ఉందా అని దుకాణదారు అడగాలి. కడియం నర్సరీల నుంచి ఊరూరికీ వెళ్లే కుండీలకు ఒక చిన్న హెచ్చరిక చీటీ అంటించడం అంత భారమేమీ కాదు. పచ్చదనం కావాలంటే అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్, బోస్టన్ ఫెర్న్ ఉండనే ఉన్నాయి.

జాబితాలు పంపేవారు లిల్లీనీ సైకస్‌నూ అన్నిటికంటే పైన, విడిగా రాయండి. పిల్లి ఉన్న ఇంటికి పూలు తీసుకువెళ్లేవారు లిల్లీ లేకుండా బొకే కట్టమని అడగండి.