మనోభావాల గొడవలో మరుగున పడిన పవిత్రత

మన దగ్గర పవిత్రత గురించి చర్చ ఎప్పుడూ పోలీస్ స్టేషన్ మెట్ల మీదే మొదలవుతోంది. ఎవరో ఒక పోస్టు పెడతారు, ఇంకెవరో ఒక బొమ్మ గీస్తారు, ‘మా మనోభావాలు దెబ్బతిన్నాయి’ అంటూ ఫిర్యాదు వెళ్తుంది. చట్టం భాష కూడా అదే. 1927లో పాత శిక్షాస్మృతిలో చేర్చిన 295ఎ సెక్షన్ అయినా, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ అయినా అడిగేది ఒకటే: ఒక వర్గం మతభావాలను కావాలని, దురుద్దేశంతో గాయపరిచారా? రాజ్యం అంతవరకే చూడగలదు. కానీ విశ్వాసి కూడా అక్కడే ఆగిపోతే పవిత్రత అన్నది మన కోపానికి మరో పేరుగా మిగులుతుంది.

కథోలిక శ్రీసభ, అంటే కథోలిక చర్చి, ఈ సంగతిని వేరే వైపు నుంచి చూస్తుంది. దివ్య సత్ప్రసాదాన్ని, అంటే పూజలో క్రీస్తు శరీరంగా మారిన అప్పాన్ని, పారేసినా, చెడు ఉద్దేశంతో తీసుకెళ్లినా, దాచినా ఆ మనిషి ఆ పనితోనే శ్రీసభ నుంచి వెలి అవుతాడని శ్రీసభ చట్టం 1382వ నిబంధన చెబుతోంది. ఆ వెలిని తొలగించే అధికారం రోముదే, అంటే పోప్ పీఠానిదే. ఆ పని ఎవరూ చూడకపోయినా, ఎవరి మనసూ నొచ్చుకోకపోయినా తప్పు తప్పే. కారణం ఒక్కటే: అప్పం రూపం ఉన్నంతసేపూ క్రీస్తు అక్కడ నిజంగా ఉన్నాడు. 1551లో ట్రెంట్‌లో పీఠాధిపతుల (బిషప్పుల) మహాసభ ఖరారు చేసిన బోధ ఇది. మన భావాలు ఎలా ఉన్నా ఆయన అక్కడే ఉన్నాడు. అందుకే కథోలికునికి భక్తి ముందు చేతులతో, మోకాళ్లతో చేసే పని. అది తగ్గిపోతున్నది బయటివాళ్ల దాడి వల్ల కాదు, మన తొందర వల్ల.

సత్ప్రసాదం అందుకునే వరుసనే దగ్గరగా చూడండి. నాలుక మీద తీసుకోవడం ఎప్పుడూ ఉన్న హక్కు. పీఠాధిపతుల సభ అనుమతి ఉన్నచోట చేతిలోనూ తీసుకోవచ్చు. అప్పుడు కుడి అరచేయి కింద, ఎడమ అరచేయి పైన, రెండూ చాచి ఉంచాలి. ‘క్రీస్తు శరీరము’ అన్నప్పుడు ‘ఆమెన్’ అని వినపడేలా చెప్పాలి. ఒక అడుగు పక్కకు జరిగి, గురువు (ఫాదర్) చూస్తుండగానే కుడిచేత్తో తీసి నోట్లో వేసుకోవాలి. ఆ తర్వాత అరచేయి చూసుకోవాలి. చాలామంది మరిచేది ఈ చివరి పనినే. నాలుగో శతాబ్దంలో యెరూషలేము పీఠాధిపతి పునీత సిరిల్ కొత్తగా జ్ఞానస్నానం పొందినవాళ్లకు, బంగారు రజను చేతికిస్తే ఎంత జాగ్రత్తగా పట్టుకుంటారో అంతకన్నా జాగ్రత్తగా ఉండమన్నాడు. ఇప్పుడేమో గురువు వేళ్లలోంచి లాక్కున్నట్టు తీసుకోవడం, నడుస్తూ నోట్లో వేసుకోవడం, ఒక చేత్తో బిడ్డను ఎత్తుకుని రెండో చెయ్యి చాచడం మామూలైపోయాయి. బిడ్డ చంకలో ఉన్న తల్లికి నాలుక మీద తీసుకోవడమే క్షేమం. గడ్డం కింద పళ్లెం పట్టే పరిచారకుడు ఉండాలని 2004లో రోము మళ్లీ గుర్తు చేసినా ఆ పళ్లెం చాలా గుళ్లలో (చర్చిల్లో) బీరువాలోనే ఉంటోంది.

తెలుగు గుళ్లలో మరో చిక్కు ఉంది. అది మన మాటలోనే ఉంది. ‘సత్ప్రసాదం’ అంటాం కాబట్టి క్రిస్మస్ అర్ధరాత్రి పూజకో, ఫిబ్రవరిలో గుణదల ఉత్సవానికో వచ్చిన హిందూ సోదరులు అది ప్రసాదమే అనుకుని వరుసలో నిలబడతారు. వాళ్లలో అగౌరవం రవ్వంత లేదు. ప్రసాదం పెడితే కాదనడం తప్పని పెరిగిన మనుషులు వాళ్లు. తప్పు ముందుగా చెప్పని మనది. వరుసలో నిలబడ్డాక చెయ్యి వెనక్కి పంపితే అవమానమవుతుంది. కాబట్టి ‘పరలోక ప్రార్థన’కు ముందే ఎవరో ఒకరు మర్యాదగా చెప్పాలి: సత్ప్రసాదం స్వీకరించని వాళ్లు చేతులు రెండూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని రండి, ఫాదర్ గారు దీవిస్తారు. అర నిమిషం పట్టే మాట ఇది.

సత్ప్రసాదం కింద పడితే కాలు పెట్టకుండా భక్తితో తీయాలి. తినలేనంతగా మురికైతే నీళ్లలో వేసి, అప్పం రూపం పూర్తిగా కరిగాక ఆ నీటిని నేరుగా భూమిలోకి పోయే తొట్టిలో గానీ, ఎవరూ తొక్కని మట్టిలో గానీ పోయాలి. బలిపీఠం మీద పరిచే చదరపు తెల్లగుడ్డకు, పాత్ర తుడిచే గుడ్డకు మొదటి జాడింపు చేత్తోనే చేయాలి. ఆ నీళ్లూ మట్టిలోకే. చాకలికి వేసేది ఆ తర్వాతే. మూడు మడతల లోపల నలిగిన ఒక చిన్న తునక డ్రైనేజీలో కలవకూడదనే ఇంత శ్రద్ధ. ఈ పని తెలిసిన మఠకన్య బదిలీ అయి వెళ్లిపోతే తర్వాతి వాళ్లకు చెప్పేవాళ్లు ఉండడం లేదు.

సత్ప్రసాదాన్ని భద్రపరిచే పెట్టె మందసం. క్రీస్తు అందులో ఉన్నాడని తెలిపే ఎర్రదీపం సంగతీ అంతే. అది నూనెతోనో మైనంతోనో నిత్యం వెలగాలన్నది పూజా నియమం. చాలాచోట్ల దాని బదులు ఎర్రని జీరో బల్బు పెట్టారు. కరెంటు పోతే అదీ పోతుంది. అంతకన్నా బాధ కలిగించేది పవిత్ర శుక్రవారం నాటి దృశ్యం. ఆ రోజు మందసం ఖాళీగా, తలుపు తెరిచి ఉండాలి, దీపం ఆరి ఉండాలి. స్విచ్ ఆపేవాళ్లు లేక బల్బు వెలుగుతూనే ఉంటే, జనం ఖాళీ పెట్టె ముందు మోకరిస్తారు. నూనె పోసే మనిషి ఉంటే ఆ రోజు దీపం ఎందుకు పెట్టకూడదో ఆ మనిషికి తెలుస్తుంది.

మోకరించడం అంటే కుడి మోకాలు నేలకు తాకించడం. బల్ల అంచు పట్టుకుని కొంచెం వంగి లేవడం కాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు దిగులు పడనక్కర్లేదు. పూజలో వాడుకోవడానికి 1969 ఏప్రిల్‌లో భారత పీఠాధిపతులకు రోము అనుమతించిన 12 భారతీయ పద్ధతుల్లో చేతులు జోడించి బాగా వంగి నమస్కరించడం ఉంది. పంచాంగ ప్రణామం, చెప్పులు విడవడం, నూనె దీపాలు, హారతి కూడా అందులోవే. మండుతున్న పొద దగ్గర మోషే విన్న మాట కూడా చెప్పులు విడవమనే. మన పల్లె గుళ్లలో ఏ పత్రం చదవకుండానే జనం గడప బయట చెప్పులు వదులుతారు. బల్లలు, పాలరాయి వచ్చిన పట్టణ విచారణల్లో (ఒక గుడి కింద ఉండే విశ్వాసుల సమాజాల్లో) బూట్లతో లోపలికి వెళ్లడం నాగరికతగా మారడం నాకు నష్టంగానే కనిపిస్తోంది.

ఫోన్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2017 నవంబరులో పోప్ ఫ్రాన్సిస్ చెప్పనే చెప్పారు: గురువు ‘మీ హృదయాలను పైకెత్తండి’ అంటాడు గానీ ఫోన్లను ఎత్తమనడు. గురువులు, పీఠాధిపతులు కూడా ఫోన్లు ఎత్తుతున్నారని ఆయన నొచ్చుకున్నారు. పెళ్లి పూజల్లో బలిపీఠం మెట్లెక్కే వీడియోగ్రాఫర్‌ను ఆపడానికి ముందు రోజు ఒక గీత చూపించి ‘దీన్ని దాటొద్దు బాబూ’ అంటే సరిపోతుంది.

ఫ్లెక్సీల మాట మాత్రం చెప్పాలి. గుడి పండుగకు మరియతల్లి బొమ్మ పక్కన నాయకుల ఫొటోలు వేసి కడతారు. పండుగ అయ్యాక అదే ఫ్లెక్సీ కోళ్ల గూటికి కప్పు అవుతుంది, లేదంటే కాలువలో తేలుతుంది. ఆశీర్వదించిన వస్తువు పాడైతే కాల్చాలి లేదా పూడ్చాలి అన్నది మన ఆచారం. ఫ్లెక్సీ ప్లాస్టిక్, కాలిస్తే విషపు పొగ, పూడిస్తే కుళ్లదు. గౌరవంగా వదిలించుకునే దారి లేనప్పుడు దాని మీద ఆ ముఖం వేయకపోవడమే మంచిది. గుడ్డ మీద రాయించండి, అక్షరాలు చాలు.

ఇవన్నీ సరిగ్గా చేసి కూడా పవిత్రతను చెరచవచ్చు. అపొస్తలుడు పౌలు కొరింతు పట్టణపు క్రైస్తవ సంఘాన్ని మందలించింది ఈ విషయంలోనే. ప్రభువు విందు దగ్గర ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తులో ఉన్నాడు. ఆ శరీరాన్ని గుర్తించకుండా తినేవాడు తన మీదికి తీర్పు తెచ్చుకుంటున్నాడన్నాడు పౌలు. మన దగ్గర ఆ విభజనకు కులం అని పేరు. 2022 ఆగస్టులో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. మనం గర్వపడ్డాం. ఆ గర్వం మన విచారణ దాకా వచ్చిందా అన్నది చూసుకోవడానికి ఒక పని ఉంది. పూజలో పఠనాలు చదివేది ఎవరు, అప్పం, ద్రాక్షరసం బలిపీఠం దగ్గరికి మోసుకొచ్చేది ఎవరు, గుడి ఊడ్చేది ఎవరు, పండుగ భోజనాల్లో చివరి పంక్తికి మిగిలేది ఎవరు? విచారణ సలహా సంఘం ఒక ఏడాది పేర్లు కాగితం మీద రాసి, పక్కన వాడ పేరు రాయాలి. చదివే పేర్లన్నీ ఒక వాడవి, ఊడ్చే పేర్లన్నీ ఇంకో వాడవి అయితే, ఆ కాగితాన్ని పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లాలి.