ఐదుగురుంటేనే బొమ్మ

తెలుగు ప్రేక్షకుడికి మంచి సినిమా అక్కర్లేదని ఈ మధ్య మళ్లీ తీర్పు వెలువడింది. ఇచ్చినవారు ఓ చిన్న సినిమా నిర్మాత. ధర్మపీఠం ఓ యూట్యూబ్ ఛానల్ వాళ్ల సోఫా. ప్రాణం పెట్టి తీశామనీ, జనం మాత్రం థియేటర్‌కి రాలేదనీ, మనవాళ్లకి మసాలా తప్ప ఇంకేదీ ఎక్కదనీ ఆయన చాలాసేపు బాధపడ్డారు. యాంకర్ కూడా తోడు బాధపడింది.

ముద్దాయిల తరఫున మాట్లాడే అర్హత నాకుంది. ఆ సినిమాని నేను థియేటర్‌లో చూశాను. హైదరాబాద్‌లో ఈ మాట చెప్పుకోగలిగినవాళ్లందర్నీ ఒక షేర్ ఆటోలో సర్దేయొచ్చు.

చూడ్డానికి కారణం అందులో హీరోగా వేసిన నటుడు. పేరు చెప్పినా మీకు వెంటనే తట్టదు. ముఖం చూస్తే మాత్రం 'ఓ, హీరో ఫ్రెండ్ కదా' అంటారు. అవును, అతనే. పెద్ద సినిమాల్లో హీరోయిన్ ఏ కాలేజీలో చదువుతుందో కనుక్కొచ్చి చెబుతాడు. హీరో జోకేస్తే అందరికంటే ముందు నవ్వుతాడు. సెకండాఫ్‌లో విలన్ మనుషుల చేతిలో తన్నులు తిని ఆస్పత్రిలో పడుకుంటే, అతని తలకట్టు చూసి హీరోకి కోపం వస్తుంది. అక్కడితో అతని పని సరి. ఆ డబ్బుతో కృష్ణానగర్‌లో అద్దె కట్టుకుని, మిగిలిన రోజుల్లో ఎవరో కుర్రాళ్లు అప్పు చేసి తీసే సినిమాల్లో అసలైన నటన చేస్తాడు. పారితోషికం సంగతి రిలీజ్ అయ్యాక మాట్లాడుకుందామంటారు. రిలీజ్ అయ్యాక ఎవరూ మాట్లాడరు.

ఇలాంటివాళ్ల మీద ఆశ పెట్టుకోవడం పిచ్చేం కాదు. 2016లో 'పెళ్లి చూపులు'లో హీరో ఫ్రెండ్‌గా నవ్వించిన ప్రియదర్శి, 2019కల్లా పోచంపల్లి నేతకు దారం చుట్టే ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశంగా తెరమీద నిలబడ్డాడు. 2023లో 'బలగం' చేశాడు. మా నటుడికీ ఓ రోజు వస్తుందనే ధైర్యంతో అతని సినిమా వార్తల్ని క్లాప్ కొట్టిన నాటి నుంచీ వదలకుండా పట్టుకున్నాను.

పట్టుకోవడమంటే మామూలు పని కాదు. ముందు టైటిల్ పోస్టర్ వచ్చింది. దాన్ని ఓ హీరోగారు తన ఫోన్‌లో విడుదల చేసి టీమ్‌కి శుభాకాంక్షలు చెప్పారు. తర్వాత ఫస్ట్ లుక్, దాన్ని ఇంకో హీరోగారు. గుమ్మడికాయ కొట్టారని ఒక పోస్టర్. డబ్బింగ్ మొదలైందని ఒకటి, అయిపోయిందని ఒకటి. సెన్సార్ నుంచి క్లీన్ యూ వచ్చిందని ఇంకొకటి, మొత్తం యూనిట్ ఫొటోలతో. ఆ తర్వాత అసలు ఘట్టం. ఓ ఉదయం, 'విడుదల తేదీని గురువారం సాయంత్రం ఆరు గంటల ఆరు నిమిషాలకు ప్రకటిస్తాం' అని పోస్టర్ వేశారు. ఆ ఆరు నిమిషాలు ఏ సిద్ధాంతిగారు పెట్టిన ముహూర్తమో గానీ, గురువారం ఆరూ ఆరుకి సరిగ్గా ఇంకో పోస్టర్ వచ్చింది: అనివార్య కారణాల వల్ల తేదీ ప్రకటన వాయిదా.

అనివార్య కారణాలంటే మనకి కొత్తా? సంక్రాంతి పెద్దవాళ్ల పండగ, చిన్న సినిమా ఆ వైపు చూడకూడదు. ఫిబ్రవరి, మార్చిలో పిల్లలకి పరీక్షలు. ఏప్రిల్ నుంచి ఐపీఎల్. ఆపైన ఎండలు. ఆషాఢంలో మంచి పనులు మొదలుపెట్టరు. తర్వాత వానలు, ఆ తర్వాత నిమజ్జనం, ట్యాంక్‌బండ్ దాటి జనం ఇటు రాలేరు. దసరా మళ్లీ పెద్దవాళ్లది. మొత్తం మీద చిన్న సినిమాకి పనికొచ్చే శుక్రవారం పంచాంగంలో ఒక్కటే దొరుకుతుంది. ఆ వారానికి మరో తొమ్మిది చిన్న సినిమాలు అదే ముహూర్తం పెట్టుకుని ఉంటాయి.

మా సినిమా అలాంటి శుక్రవారమే వచ్చింది. గురువారం అర్ధరాత్రి దాకా బుకింగ్స్ తెరవలేదు. తెరిచాక చూస్తే ఊరి అంచున ఒక మల్టీప్లెక్స్, ఒక స్క్రీన్, ఒకే షో, ఉదయం పది లోపు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో లేదు, కూకట్‌పల్లిలో లేదు, మెట్రో వెళ్లే ఏ స్టేషన్ దగ్గరా లేదు. పనిరోజు పొద్దున్నే ఆఫీసు మానుకుని, ఔటర్ దాకా బండి మీద వెళ్లగలిగినవాడే నిజమైన కళాభిమాని అని ఎవరో తేల్చారన్నమాట.

వెళ్లాను. కౌంటర్‌లో అబ్బాయి నన్ను జాలిగా చూసి, "సర్, ఐదుగురు ఉంటేనే షో వేస్తాం. ఇప్పటికి మీరు ఒక్కరే" అన్నాడు. కోరం లేక సభ వాయిదా పడడం గురించి చదివాను గానీ, అది బొమ్మకి కూడా వర్తిస్తుందని అప్పుడే తెలిసింది. "ఇంకో పావుగంట చూద్దాం సర్, మీకెవరైనా ఫ్రెండ్స్ ఉంటే పిలవండి" అని సలహా కూడా ఇచ్చాడు.

కాసేపటికి ఒక పెద్దాయన వచ్చారు. రిటైరై చాలా కాలమైనట్టుంది. ఏ సినిమాకని అడిగితే, "ఏదైనా పర్లేదు బాబూ, ఇంట్లో ఇన్వర్టర్ పాడైంది" అన్నారు. ఇద్దరం. తర్వాత ఒక కాలేజీ జంట. వాళ్లు ఈ షోని ఎంచుకోవడానికి కారణం ఇందులో ఎవరూ ఉండరనే గట్టి నమ్మకం. మమ్మల్ని చూడగానే వాళ్ల ముఖాలు వాడిపోయాయి. ఐదో మనిషి కోసం అందరం ఎదురుచూస్తుంటే, వీళ్లిద్దరూ మాత్రం రాకూడదని మొక్కుకుంటున్నట్టు కనిపించారు. నేను సెక్యూరిటీ అన్నని అడిగాను, టికెట్ నేనే కొంటాను, లోపల కూర్చోండని. డ్యూటీలో సినిమా చూస్తే ఉద్యోగం పోతుందన్నాడు. పాప్‌కార్న్ అమ్మాయిని అడిగితే, "నేను లోపలికొస్తే మీకు ఇంటర్వెల్‌లో సమోసా ఎవరు ఇస్తారు అంకుల్?" అంది. న్యాయమైన ప్రశ్న.

పావుగంట పూర్తవుతుండగా ఎస్కలేటర్ మీద హెల్మెట్‌తో ఒకతను పరుగెత్తుకొచ్చాడు. సభకి కోరం కుదిరింది. పెద్దాయన చప్పట్లు కొట్టారు. టికెట్ తీసుకున్నాక, ఈ సినిమా గురించి మీకెలా తెలిసిందని నేను ఆప్యాయంగా అడిగాను. అతను కాస్త ఇబ్బందిపడి, "నేను దీనికి ఎడిటర్‌ని అండీ" అన్నాడు. మరి డబ్బులిచ్చి ఎందుకొచ్చావయ్యా అంటే, ఇంటర్వెల్ వీళ్లు ఎక్కడ వేస్తారో చూడ్డానికట. చూశాడు. మా నటుడు తండ్రి శవం ముందు కూర్చుని, అంతవరకూ బిగబట్టుకున్న ఏడుపుతో మొదటిసారి నోరు తెరిచాడు. 'నాన్నా, నేను' అన్నాడు. లైట్లు వెలిగాయి. నేతి పాప్‌కార్న్ ప్రకటన వచ్చింది. ఎడిటర్ మళ్లీ హెల్మెట్ పెట్టుకున్నాడు.

ఆ సీన్ గురించి నవ్వుతూ రాయలేను. అతను అందులో ఏం చేశాడో నేను చూశాను. మాట రాకపోయినా గొంతు కదలడం చూశాను. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ జంట చేతులు వదిలేసి తెరవైపు చూశారు. ఐదుగురం నాలుగు చోట్ల కూర్చుని ఏడ్చాం. అది ఇన్వర్టర్ పాడైన మనిషి చేత కూడా కన్నీళ్లు పెట్టించిన సినిమా, మీరేమో జనానికి ఎక్కలేదంటారు!

శనివారం ఆ షో కూడా లేదు. ఆక్యుపెన్సీ లేదని తీసేశారు. పనిరోజు పొద్దున ఒక్క ఆట వేసి, సెలవున్న రెండు రోజులూ తీసేసి, జనం రాలేదని రాసుకోవడం ఏం లెక్క? ఎవరికి చెబుతున్నారు?

లోగుట్టు మీకూ తెలుసు, నాకూ తెలుసు. సినిమా ఏ స్క్రీన్‌లో పడితే ఆ స్క్రీన్‌కి నిర్మాత వారానికింతని, బొమ్మని డిజిటల్‌గా థియేటర్లకి అందించే సంస్థలకి కట్టాలి, హాలు నిండినా ఈగలు తోలినా. ఆ రుసుముల మీదే 2018 మార్చిలో తెలుగు రాష్ట్రాల్లో థియేటర్లు కొన్నాళ్లు మూసి పోరాడారు. అప్పుచేసి తీసినవాడు పది స్క్రీన్లకి కట్టలేక ఒకదానికి కడతాడు. ఆ ఒక్కటీ ఎందుకంటే, థియేటర్ ముఖం చూడని బొమ్మని ఓటీటీవాళ్లు పట్టించుకోరని ఎవరో చెప్పారు. కాబట్టి ఇది విడుదల కాదు. కాగితం మీద ఓ టిక్కు కోసం జరిపిన తంతు. ప్రేక్షకుణ్ణి పిలవలేదు, పిలిచే ఉద్దేశమూ లేదు. కానీ రాలేదన్న నింద మాత్రం వాడికే.

ఇంకో విచిత్రం. 2024 మే నెలలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజులు మూసేశారు. ఎందుకయ్యా అంటే ఎన్నికలు, ఐపీఎల్, ఆడించడానికి సరైన సినిమాల్లేవు, ఖర్చులు రావట్లేదు. సినిమాల్లేక థియేటర్లు ఖాళీ, థియేటర్లు లేక సినిమాలు ఖాళీ, రెండూ ఒకే ఊళ్లో! ఆ పది రోజుల్లో ఒక్క ఆట, సాయంత్రం ఆరున్నర ఆట, ఇలాంటి బొమ్మకి అద్దె తగ్గించి ఇచ్చి చూద్దామని ఒక్కరికీ తట్టలేదా? తాళం వేసుకోవడానికి సిద్ధం గానీ, తెర ఇవ్వడానికి చేతులు రావు.

జనానికి రుచి లేదట. 'బలగం'కి పల్లెల్లో వీధి నడుమ తెరలు కట్టుకుని ఊరంతా కలిసి చూసింది ఈ జనమే. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం'లో స్టార్ లేడు, వేసినవాళ్లలో ఎక్కువమంది ఆ పేటవాళ్లే. రానా సమర్పించాడు, అడిగిన వేళకి ఆటలు దొరికాయి, జనం వెళ్లారు. ఆ ఒక్క వారం తెలుగువాళ్లందరికీ ఎవరైనా రుచి అప్పిచ్చారా?

మా నటుడు ఇప్పుడు ఇంకో పెద్ద సినిమా చేస్తున్నాడు. మళ్లీ ఫ్రెండే. ఈసారి తన్నులు ఫస్టాఫ్‌లోనే అని విన్నాను.

నిర్మాతగారూ, మీ బాధ నాకు అర్థమైంది. ఒక్కటి చెప్పండి చాలు. ఆ శనివారం సాయంత్రం, లేదా ఆదివారం మాట్నీకి, ఈ కోటిమంది ఊళ్లో మీ సినిమా ఆడిన ఒక్క థియేటర్ పేరు చెప్పండి. నేను ఎవరెవరికి చూడమని చెప్పానో వాళ్లంతా ఇప్పటికీ నన్నే అడుగుతున్నారు.