కాజీపేట దగ్గర చీలిన రెండు దారులు: ఈషా రెబ్బా, ఆనంది

'ఫిదా'లో బాన్సువాడ భానుమతి. 'లవ్ స్టోరీ'లో ఆర్మూర్ మౌనిక. 'విరాటపర్వం'లో అడవి బాట పట్టిన వెన్నెల. 2017 నుంచి 2022 దాకా ఉత్తర తెలంగాణ ఆడపిల్ల వెండితెర మీద గట్టిగా నిలబడ్డది ఈ మూడు పాత్రల్లోనే. మూడింటినీ చేసింది నీలగిరి కొండల్లోని కోటగిరి నుంచి వచ్చిన సాయిపల్లవి. 2023లో 'దసరా' మన బొగ్గుగనుల పల్లెను తెరకెక్కించింది. అందులో వెన్నెల కీర్తి సురేష్. ఇద్దరి నటన మీద నాకు పేచీ లేదు. 'భలే భలే' అని ఈలలు వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కానీ సరిగ్గా అవే సంవత్సరాల్లో వరంగల్‌లో పుట్టిన ఇద్దరు అమ్మాయిలు హీరోయిన్లుగా పని చేస్తూనే ఉన్నారు. ఒకరు ఈషా రెబ్బా, ఇంకొకరు ఆనంది. పైన చెప్పిన పాత్రల్లో ఒక్కటీ వాళ్ళ ఖాతాలో లేదు. ఇద్దరి సినిమాల జాబితాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఎవరు గొప్ప అన్న ప్రశ్న కంటే ఈ ఖాళీయే ఎక్కువ కనబడుతుంది.

మా వైపు వాళ్ళకు ఒక సంగతి చెప్పనక్కర్లేదు. ఢిల్లీ నుంచి దిగే రైలుపట్టాలు కాజీపేటలో రెండుగా చీలుతాయి. ఒకటి సికింద్రాబాద్‌కు పోతుంది, ఇంకోటి వరంగల్, విజయవాడ మీదుగా చెన్నైకి. రాత్రి ఏ బండి ఎక్కావో దాన్నిబట్టి పొద్దున ఏ భాషలో చాయ్ అడగాలో తేలుతుంది. ఈ ఇద్దరి కథా అంతే. మొదలైంది మాత్రం ఇద్దరికీ హైదరాబాద్‌లోనే, ఇంచుమించు ఒకే సమయంలో. అసలు పేరు రక్షిత అయిన ఆనంది 2012లో మారుతి 'బస్ స్టాప్'లో కనబడింది. మరుసటి ఏడు 'ప్రియతమా నీవచట కుశలమా' చేసింది. అదే 2013లో ఈషా 'అంతకుముందు ఆ తరువాత'తో హీరోయిన్ అయింది. లెక్కకు చూస్తే ఈషాదే మంచి ఆరంభం. పెళ్ళికి ముందే కలిసి బతికి చూద్దాం అనుకునే జంట కథ అది. ఇంద్రగంటి మోహనకృష్ణ చేతిలో ఆ అమ్మాయి పాత్రకు మాటా బుద్ధీ రెండూ దొరికాయి. ఆనందికి అప్పటికి అలాంటిది ఏదీ లేదు.

2014లో దారులు చీలాయి. ఆనంది చెన్నై బండి ఎక్కింది. ఆ డిసెంబరులో 2004 సునామీ నేపథ్యంగా ప్రభు సాలమన్ తీసిన 'కయల్' వచ్చింది, ఆ సునామీకి సరిగ్గా పదేళ్ళు నిండుతున్నప్పుడు. తమిళులకు ఆమె ఇప్పటికీ 'కయల్ ఆనంది'యే, సినిమా పేరే ఇంటిపేరయింది. తరువాత వెట్రిమారన్ 'విసారణై'లో చిన్న పాత్ర చేసింది. జాతీయ అవార్డులు తెచ్చుకుని, మన దేశం తరఫున ఆస్కార్ పోటీకి వెళ్ళిన సినిమా అది. కథ మొదటి సగం జరిగేది గుంటూరులో. తెలుగు పోలీసుల చేతుల్లో నలిగిపోయే తమిళ కూలీల గోస. గుంటూరు కథలో కనబడటానికి వరంగల్ పిల్ల చెన్నై దాకా పోవలసి వచ్చింది. మధ్యలో ఆమె ఒకటిరెండు చవకబారు కామెడీలూ చేసింది. వాటి గురించి మాట్లాడి ఎవరికీ లాభం లేదు.

అసలు ఆగి చూడాల్సింది 'పరియేరుమ్ పెరుమాళ్' దగ్గర. 2018 సెప్టెంబరు చివర్లో విడుదలైంది. దానికి రెండు వారాల ముందే మిర్యాలగూడలో ఆసుపత్రి ముందే పరువు హత్య జరిగింది. దళిత యువకుణ్ణి గర్భిణిగా ఉన్న భార్య కళ్ళెదుటే చంపారు. నేను ఆ సినిమా చూసింది ఆ వార్త ఇంకా కళ్ళలో నలుగుతుండగా. తిరునెల్వేలి లా కాలేజీలో చదివే దళిత కుర్రాడు పరియన్, పై కులపు అమ్మాయి జో. ఆనంది చేసింది జో పాత్ర. జో తన ఇంట్లో పెళ్ళికి పరియన్‌ను ప్రేమగా పిలుస్తుంది. అక్కడ ఆమె మనుషులే అతన్ని గదిలో వేసి కొడతారు, నోటితో చెప్పలేని అవమానం చేస్తారు. ఆ సంగతి ఆమెకు తెలియదు. సినిమా మొత్తం తెలియదు. అతను ఎందుకు ముఖం చాటేస్తున్నాడో అర్థంకాక అలుగుతుంది, కోప్పడుతుంది, ఏడుస్తుంది.

ఆ పాత్ర మరీ అమాయకం అని విసుక్కున్నవాళ్ళున్నారు. నాకు అలా అనిపించలేదు. దర్శకుడు మారి సెల్వరాజ్ ఆ అమాయకత్వాన్ని ఊరికే పెట్టలేదు. తన చుట్టూ జరిగే హింస తనకు కనబడకపోవడమే ఒక సౌకర్యం, ఆ సౌకర్యం పుట్టుకతో వచ్చింది. జోను ద్వేషించడానికి మనకు వీల్లేకుండా చేసి, ఆ తెలియనితనాన్ని మాత్రం కళ్ళ ముందు నిలబెడతాడు. నటికి ఇది కత్తి మీద సాము. కాస్త తెలివి చూపిస్తే పాత్ర అబద్ధమైపోతుంది, కాస్త ఎక్కువ వెర్రిబాగులతనం చూపిస్తే నవ్వులపాలవుతుంది. ఆనంది ఆ సన్నటి గీత మీద చివరిదాకా నడిచింది. ఆఖరి దృశ్యంలో రెండు చాయ్ గ్లాసులు, మధ్యలో పడి ఉన్న పువ్వు. అందరూ గ్లాసుల గురించే రాశారు. ఆ పువ్వు రాలడానికి ముందు రెండున్నర గంటలు ఆమె మోసిన బరువు గురించి ఎవరూ రాసినట్టు లేదు.

ఇటు హైదరాబాద్ బండి ఎక్కిన ఈషాకు ఏం జరిగింది? ఆమెను నమ్మిన దర్శకుడు ప్రధానంగా ఒక్కడే. 'అంతకుముందు ఆ తరువాత' తర్వాత 2015లో 'బందిపోటు', 2017లో 'అమీతుమీ'. మూడూ ఇంద్రగంటివే. 'అమీతుమీ'లో తనికెళ్ళ భరణి కూతురిగా తెలంగాణ యాసలో ఆమె మాటలు విసురుతుంటే, అప్పటిదాకా తొడుక్కున్న ఇరుకు చెప్పులు విప్పి నడిచినట్టుంది. ఆమె నటనలో నాకు బాగా నచ్చిన చోటు అదే. కాకపోతే అది కామెడీ. మన యాసకు పాత తెలుగు సినిమా కేటాయించిన గదే అది. గది బాగుంది, కానీ తలుపు ఒక్కటే.

2018 ఆమెకు రెండు ముఖాలు చూపించిన ఏడాది. ఫిబ్రవరిలో 'అ!' వచ్చింది. ప్రశాంత్ వర్మ మొదటి సినిమా. తాను ప్రేమించిన మనిషిని అమ్మానాన్నలకు పరిచయం చేయడానికి రాధ, అంటే ఈషా, తీసుకొస్తుంది. ఆ మనిషి కూడా ఆడపిల్లే, నిత్యా మీనన్. తెలుగు తెర మీద ఇంత మామూలుగా, ఇంత ధైర్యంగా ఇద్దరమ్మాయిల ప్రేమ కనబడటం అరుదు. అక్టోబరులో 'అరవింద సమేత'. ఎన్టీఆర్, త్రివిక్రమ్, పెద్ద పోస్టరు. ఈషా అందులో రెండో హీరోయిన్. సినిమా అయిపోయాక ఆమె ఏ సీనులో ఉందో గుర్తు చేసుకోవాలి. చిన్న సినిమాలో పెద్ద పాత్ర, పెద్ద సినిమాలో చిన్న పాత్ర. ఒకే ఏడాదిలో ఆమె కెరీర్ మొత్తం అచ్చు గుద్దినట్టుంది. తర్వాత ఓటీటీ ఆమెను ఆదుకుంది: నెట్‌ఫ్లిక్స్ 'పిట్టకథలు'లో సంకల్ప్ రెడ్డి తీసిన 'పింకీ', ఆహాలో '3 రోజెస్', 2023లో జేడీ చక్రవర్తి 'దయా'లో నిండు గర్భిణి అలివేలు. నడుమ కుంచాకో బోబన్ పక్కన మలయాళంలో 'ఒట్టు'.

ఈ ఇద్దరూ ఒకే మనుషులను దాటుకుంటూ పోవడం వింతగా ఉంటుంది. 'అ!'లో ఈషాను పెట్టుకున్న ప్రశాంత్ వర్మే 2021లో 'జాంబీ రెడ్డి'కి ఆనందిని తీసుకున్నాడు. అల్లరి నరేష్ పక్కన ఈషా 'బందిపోటు' చేస్తే, ఏడేళ్ళ తర్వాత అదే నరేష్ పక్కన ఆనంది 'ఇట్లు మారేడుమిల్లి ప్రజానీకం' చేసింది. సత్యదేవ్‌తో ఈషా 'రాగల 24 గంటల్లో', 'పింకీ' చేసింది. ఆనంది 2025లో అదే సత్యదేవ్‌తో 'అరేబియా కడలి' సిరీస్ చేసింది. మనుషులు వాళ్ళే. ఈషాకు ఎక్కువగా దొరికింది నగరపు గదుల్లో సంబంధాల చిక్కులు. ఆనందికి దొరికింది మట్టి, అడవి, సముద్రం, కులం.

ఎందుకు? అందం, అదృష్టం అనే మాటలు నేను నమ్మను. కారణం తమిళ ముద్ర. 'కయల్', 'పరియేరుమ్ పెరుమాళ్' చూసిన తెలుగు దర్శకులకు ఆనంది మొహంలో ఊరు కనబడింది. అంతకుముందు అదే మొహం 'బస్ స్టాప్'లో ఉంది కదా, అప్పుడు కనబడలేదు. ఇంటి ముందు కాసిన మామిడికాయ పక్కూరి సంతలో అమ్ముడుపోయాకే రుచి తెలిసినట్టు. పలాస కథతో పేరు తెచ్చుకున్న కరుణకుమార్ 2021 ఆగస్టులో 'శ్రీదేవి సోడా సెంటర్'లో ఆమెను కోనసీమ పిల్లను చేశాడు. మళ్ళీ పరువు, మళ్ళీ కులం. కానీ జోకు తెలియనిదంతా శ్రీదేవికి తెలుసు. తెలిసే ప్రేమిస్తుంది, తెలిసే ఇంట్లో నిలబడుతుంది. రెండు సినిమాలూ వెనువెంటనే చూస్తే ఒక పాత్ర అడిగిన ప్రశ్నకు ఇంకో పాత్ర జవాబు చెప్పినట్టుంటుంది. రెండో సగంలో కథ హీరో జైలు గొడవల్లో పడి ఆమెను పక్కన పెట్టడం మాత్రం నాకు మింగుడుపడలేదు. ఇంకో మాట: ఆమె పెళ్ళి 2021 జనవరిలో వరంగల్‌లోనే జరిగింది. పెళ్ళయితే హీరోయిన్ కథ కంచికే అని నమ్మే పరిశ్రమలో ఆమెకు చెప్పుకోదగ్గ తెలుగు పాత్రలన్నీ ఆ తర్వాతే వచ్చాయి.

ఆనంది చేసిన పాత్రల ఊళ్ళను పటం మీద గుర్తుపెట్టి చూడండి. తమిళ తీరం, తిరునెల్వేలి, రాయలసీమ, కోనసీమ, ఉత్తరాంధ్ర మత్స్యకారుల పల్లె, మారేడుమిల్లి ఏజెన్సీ. వరంగల్ గడప దాటితే ములుగు, ఏటూరునాగారం అడవులు; మేడారం పోయే దారిలో ఎన్ని గూడేలు! అయినా అడవి పిల్ల వేషం వేయడానికి ఆమె మారేడుమిల్లి పోవలసి వచ్చింది. 'శ్రీదేవి సోడా సెంటర్' ఇంట్లో చూస్తున్నప్పుడు మా పెద్దమ్మ అడిగింది, "గీ పిల్ల ఏడామెరా?" అని. మన వరంగల్ పిల్లే అన్నాను. "ఉత్తగ చెప్పకు. మన పిల్లయితే గట్లెందుకు మాట్లాడుతది?" అని కొట్టిపారేసింది.

దీనికి ఒక ఎదురు ప్రశ్న ఉంది, అది న్యాయమైనదే. వరంగల్ పిల్ల తిరునెల్వేలి పిల్ల కాగలిగినప్పుడు కోటగిరి పిల్ల బాన్సువాడ పిల్ల ఎందుకు కాకూడదు? కావచ్చు. సాయిపల్లవి అయి చూపించింది కూడా, యాస నేర్చుకుని మరీ. ఏ ఊరి పాత్ర ఆ ఊరి పిల్లే చేయాలంటే ఇక నటన ఎందుకు? నా అభ్యంతరం అక్కడ కాదు. తమిళంలో ఆనందికి బయటి పిల్ల అన్నది అడ్డం కాలేదు, సరే. తెలుగులో ఈషాకు లోపలి పిల్ల అన్నది ఎందుకు అడ్డమవుతోంది? తెలుగు చక్కగా పలికే అమ్మాయిని చూస్తే మన నిర్మాతకు చెల్లెలో, వదినో, రెండో హీరోయినో గుర్తుకొస్తుంది. ఈ చూపు బయటివాళ్ళకే కాదు. 'అర్జున్ రెడ్డి' తీసిన సందీప్ రెడ్డి వంగాది వరంగలే, హీరోయిన్ షాలినీ పాండేది జబల్‌పూర్. ఆయన ఎంపిక తప్పని అనను. మనవాళ్ళ కంటికి కూడా మన వీధి చివరి దాకా చూపు ఆనదని మాత్రం అంటాను.

ఇద్దరిలో ఎవరి కెరీర్ బరువైంది అంటే తడుముకోకుండా ఆనందిది అంటాను. 'పరియేరుమ్ పెరుమాళ్' ఒక్కటి చాలు. ఎవరిలో ఇంకా వాడని సరుకు ఎక్కువ ఉంది అంటే ఈషాలో. ఆనందికి మౌనం పండుతుంది. కళ్ళతో చెప్పేస్తుంది, మాట తక్కువైనా నడుస్తుంది. పరాయి భాషలో ఆమె నెగ్గుకురావడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఈషాది నోటి నటన. విరుపు, వెటకారం, మాట మధ్యలో చటుక్కున ఆగడం. అది పండాలంటే సొంత భాష కావాలి, ఆ భాషలో రాసేవాడు కావాలి. రెండోది ఆమెకు నాలుగేళ్ళకు ఒకసారి దొరుకుతోంది.

ఇప్పుడు ఒక మలుపు కనబడుతోంది. తరుణ్ భాస్కర్ జంటగా ఈషా చేసిన 'ఓం శాంతి శాంతి శాంతిః' మలయాళ 'జయ జయ జయ జయ హే'కు తెలుగు రూపం. మొగుడి చెంపదెబ్బలకు ఎదురుదెబ్బతో జవాబు చెప్పే ఇల్లాలి కథ, నవ్విస్తూనే చురుక్కుమనిపించేది. ఈషాకు ఇంతకంటే సరిపడే పాత్ర ఉండదు. కథ నడిచేది గోదావరి జిల్లాలో, మాట్లాడేది అక్కడి యాస. మా పెద్దమ్మకు అది ఇంకా చూపించలేదు. చూపిస్తే ఏమంటుందో నాకు తెలుసు.