"ఇదంతా మీకు తెలిసిందే కదా" అని దాటేసే చాప్టర్ గురించి

మైక్రోబయాలజీ చెప్పేవాళ్లు ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోండి, చాలా రోజులుగా కడుపులో పెట్టుకున్న మాట ఇది. ఏ పరిచయ పుస్తకం తీసినా మొదట్లో ఒక కెమిస్ట్రీ చాప్టర్ ఉంటుంది. నీటి అణువు, పీహెచ్, హైడ్రోజన్ బంధాలు, కార్బోహైడ్రేట్లు, లిపిడ్లు, ప్రోటీన్లు, డీఎన్‌ఏ. దాన్ని "ఇదంతా మీకు తెలిసిందే కదా" అని రెండు క్లాసుల్లో చుట్టేసి, అసలు సబ్జెక్టు అప్పుడే మొదలైనట్టు బోర్డు మీద బ్యాక్టీరియా బొమ్మ గీస్తారు. ఆ బొమ్మలో సెల్ వాల్ అని గీసిన గీత చక్కెర గొలుసులూ చిన్న పెప్టైడ్‌లూ కలిసి అల్లుకున్న వల అనీ, దాని లోపలి గీత లిపిడ్లూ ప్రోటీన్లూ అనీ, మధ్యలో పెట్టిన చుక్కలు ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్ కలిసిన రైబోజోమ్‌లనీ, అంటే మొన్న దాటేసిన చాప్టరే ఇప్పుడు బొమ్మై కూర్చుందనీ మాత్రం ఎవరూ చెప్పరు.

నేనూ అలాగే చదివాను. మార్కులు బాగానే వచ్చాయి కూడా. నా బండారం ల్యాబ్‌లో బయటపడింది.

స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా కల్చర్ ఇచ్చి గ్రామ్ స్టెయిన్ చేయమన్నారు, అంటే రంగులు పట్టించి, ఊదా నిలిస్తే గ్రామ్ పాజిటివ్, గులాబీ అయితే గ్రామ్ నెగటివ్ అని తేల్చే పరీక్ష. స్లైడ్ మీద స్మియర్ పలచగా పూసి, ఆరనిచ్చి, మంట మీద రెండు మూడుసార్లు ఆడించి, క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు ఒక నిమిషం, కడిగి అయొడిన్ ఒక నిమిషం, అంతా పద్ధతి ప్రకారమే. ఆల్కహాల్ పోస్తున్నప్పుడు పక్కవాళ్లు ఏదో అడిగితే అటు తిరిగి మాట్లాడుతూ ఉండిపోయాను. పది పదిహేను సెకన్లలో కడిగేయాల్సింది, ఎంతసేపు పోశానో నాకే తెలియదు. తర్వాత సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేసి, ఆరబెట్టి, ఆయిల్ చుక్క పెట్టి వంద ఎక్స్ లెన్స్ కింద చూస్తే గుత్తులు గుత్తులుగా గుండ్రటి కణాలు చక్కగా కనిపించాయి. రంగు మాత్రం గులాబీ. ఊదా రావాలి, స్టెఫైలోకాకస్ గ్రామ్ పాజిటివ్ కదా! ఏం చేశానంటే రికార్డులో "గ్రామ్ పాజిటివ్" అని రాసి, ఊదా రంగు పెన్సిల్‌తో చుక్కలు పెట్టేశాను. మేడమ్ ముందు మైక్రోస్కోప్‌లోకి చూశారు, తర్వాత రికార్డు చూశారు, తర్వాత నన్ను చూశారు. "ఆల్కహాల్ ఎక్కువైంది మేడమ్" అన్నాను. "ఎక్కువైతే ఏమవుతుంది?" అన్నారు. అంతే, నోరు పెగల్లేదు. నాలుగు స్టెప్పులూ నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేదాన్ని, ఒక్క స్టెప్పులో ఏం జరుగుతుందో తెలియదు.

జరిగేది పూర్తిగా కెమిస్ట్రీయే. క్రిస్టల్ వయొలెట్, అయొడిన్ రెండూ కణం లోపల కలిసి ఒక పెద్ద ముద్దలా తయారవుతాయి. గ్రామ్ పాజిటివ్ కణానికి పెప్టిడోగ్లైకాన్ గోడ (పైన చెప్పిన చక్కెర గొలుసుల, పెప్టైడ్‌ల వల) చాలా మందంగా ఉంటుంది, ఆల్కహాల్ అందులోని నీటిని లాగేయగానే ఆ వల బిగుసుకుపోయి ముద్ద లోపలే చిక్కుకుంటుంది. గ్రామ్ నెగటివ్‌లో ఆ గోడ పలచన, దాని పైన లిపిడ్లతో చేసిన ఇంకో పొర ఉంటుంది. లిపిడ్లు ఆల్కహాల్‌లో కరుగుతాయి కాబట్టి ఆ పొర చెదిరిపోయి రంగు బయటికి కారిపోతుంది, తర్వాత సాఫ్రనిన్ పట్టి గులాబీగా కనిపిస్తుంది. ఆల్కహాల్ మరీ ఎక్కువసేపు ఉంటే మందపాటి గోడ నుంచి కూడా రంగు జారిపోతుంది. నా స్లైడ్‌కు పట్టిన గతి అదే. (గ్రామ్ అంటే బరువు కాదు, మనిషి పేరు. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డెన్మార్క్ డాక్టర్ 1884లో ప్రచురించిన పద్ధతి ఇది. ఆయన ఊపిరితిత్తుల కణజాలంలో బ్యాక్టీరియా కనపడితే చాలనుకున్నాడు, గోడ లోపల ఏముందో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆయనకు తెలియకపోవడం న్యాయమే, నాకు తెలియకపోవడం సిగ్గుచేటు.)

ఈ ఒక్క గోడ అర్థమైతే ఎన్ని విషయాలు వాటంతటవే విడిపోతాయో చూడండి. పెనిసిలిన్ ఆ వలలోని పోగుల్ని అడ్డంగా కుట్టే ఎంజైమ్‌ను పట్టి ఆపేస్తుంది. కుట్టు పడని గోడ లోపలి ఒత్తిడికి తట్టుకోలేక కణం పగిలిపోతుంది. మన కణాలకు ఆ గోడే లేదు, అందుకే మందు మన కణాల జోలికి రాదు. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకూ గోడ లేదు, అందుకే దాని మీద పెనిసిలిన్ పనిచేయదు. వాంకోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ అణువు పెద్దది, గ్రామ్ నెగటివ్ బయటి పొరను దాటి లోపలికి పోలేదు. వీటిని నాలుగు వేర్వేరు పాయింట్లుగా నాలుగు పేజీల్లో బట్టీ పట్టాను నేను.

ఇంకో కోపం ఉంది. "మైటోకాండ్రియా కణానికి శక్తి కేంద్రం" అన్న వాక్యం. సరే, బ్యాక్టీరియాకు మైటోకాండ్రియా లేదు కదా, మరి దానికి ఏటీపీ, అంటే కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువు, ఎక్కణ్నుంచి వస్తోంది? ఈ ప్రశ్న క్లాసులో ఎవరూ అడగరు, అడిగితే "అది తర్వాత వస్తుంది" అంటారు, ఆ తర్వాత రానే రాదు. చాలా బ్యాక్టీరియాలో ఆ పని గోడ లోపలి పలచటి పొర, కణత్వచమే చేస్తుంది. ప్రోటాన్లను బయటికి తోసి, అవి తిరిగి లోపలికి వచ్చే దారిలో ఒక ఎంజైమ్‌ను గిరగిరా తిప్పి ఏటీపీ చేయించుకుంటుంది. బ్రిటన్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్ 1961లో ఈ మాట చెబితే చాలామంది నమ్మలేదు, 1978లో ఆయనకే కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. మైటోకాండ్రియా లోపలి పొరలో జరిగేదీ ఇదే, ఎందుకంటే దాని పూర్వీకులు ఒకప్పుడు విడిగా బతికిన బ్యాక్టీరియా. ఇంత గొప్ప కథను "శక్తి కేంద్రం" అన్న రెండు మాటల్లో పాతిపెట్టేశారు.

ఏటీపీ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. "బంధం తెగితే శక్తి వస్తుంది" అని దయచేసి పిల్లలకు చెప్పకండి. ఏ బంధమైనా తెగాలంటే శక్తి పెట్టాలి, ఇది ఆ మొదటి చాప్టర్‌లోనే ఉంది! ఏటీపీలో మూడు ఫాస్ఫేట్లు రుణావేశాలతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఇరుగ్గా ఉంటాయి, నీటితో చర్య జరిగాక వచ్చే ఏడీపీ (రెండు ఫాస్ఫేట్లే మిగిలిన రూపం), విడిపోయిన ఫాస్ఫేట్ అంతకంటే నిలకడగా ఉంటాయి, ఆ తేడాయే మనకు చిక్కే శక్తి. ప్రామాణిక పరిస్థితుల్లో మోల్‌కు సుమారు 30 కిలోజౌళ్లు. పదో తరగతి కెమిస్ట్రీతో అర్థమయ్యే సంగతి ఇది.

ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ లెక్క కూడా అంతే. బ్యాక్టీరియా రైబోజోమ్‌ను 70ఎస్ అనీ, దాని రెండు ముక్కల్ని 50ఎస్, 30ఎస్ అనీ రాస్తారు. 50, 30 కలిస్తే 80 కావాలి కదా, 70 ఎందుకు రాశారని ఒక జూనియర్ అడిగితే "ఎస్ అనేది బరువు కాదు, సెంట్రిఫ్యూజ్‌లో ఎంత వేగంగా కిందికి దిగుతుందో చెప్పే కొలత, రెండు ముక్కలు అతుక్కున్నాక ఆకారం మారుతుంది కాబట్టి అంకెలు కూడవు" అన్నాను. "మూడేళ్లుగా అచ్చుతప్పు అనుకున్నాను" అంది ఆ పిల్ల. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఫస్టియర్ వాళ్లకు ఇంత అవసరమా, సిలబస్ అవదు" అంటారు, తెలుసు. గోడ కెమిస్ట్రీ చెప్పడానికి అరగంట చాలు. అది చెప్పకుండా పాజిటివ్, నెగటివ్ తేడాల టేబుల్ రాయించడానికి రెండు గంటలు పోతున్నాయి.

మేడమ్ ఆ రోజు నన్ను తిట్టలేదు. మళ్లీ చేయమన్నారు. ఈసారి గడియారం చూస్తూ ఆల్కహాల్ పోశాను. ఊదా గుత్తులు కనిపించాయి, కానీ మధ్యమధ్యలో అక్కడక్కడా గులాబీ కణాలు. మళ్లీ తప్పు చేశానేమోనని టెన్షన్ పడుతుంటే మేడమ్ చూసి, "కల్చర్ ఎన్నాళ్లది?" అన్నారు. పాతది. పాతబడిన కణాల గోడలు దెబ్బతిని రంగును పట్టి ఉంచలేవని, ఈసారి నేనే చెప్పాను. రికార్డులో ఊదా చుక్కల మధ్య నాలుగు గులాబీ చుక్కలు కూడా పెట్టించి, అప్పుడు సంతకం చేశారు.