మోకాలు మండితే గుజ్జు పుట్టదు: తాయ్‌చీ మెసేజ్‌కు జవాబు

ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా అదే మెసేజ్. "మోకాళ్ల నొప్పులా? ఆపరేషన్ వద్దు, తాయ్‌చీ చాలు" అని మొదలై, "పదిమందికి పంపండి" అని ముగుస్తుంది. తాయ్‌చీ అంటే చైనాలో పుట్టిన, నెమ్మది కదలికలతో చేసే వ్యాయామం. మధ్యలో ఆరు ముక్కలు: దీన్ని బోధిధర్ముడు కనిపెట్టాడు, తెల్లవారుజామున తడిగడ్డి మీద ఉత్తకాళ్లతో చేయాలి, ఎంత కిందికి కూర్చుంటే అంత లాభం, మోకాలు మండిందంటే గుజ్జు పుడుతున్నట్టే, చెయ్యి లేపినప్పుడల్లా గాలి పీల్చి బిగబట్టాలి, వీడియో చూస్తూ ఏడు రోజుల్లో 24 కదలికలూ వచ్చేస్తాయి. పంపేవాళ్లది మంచి మనసే, కాదనను. కానీ దాన్ని నమ్మి కాళ్లు వంచేది అరవై దాటినవాళ్లు. అందుకే ఊరుకోబుద్ధి కావడం లేదు.

చిన్నవి ముందు తేల్చేద్దాం. బోధిధర్ముడు మన దేశం నుంచి చైనా వెళ్లాడని చెప్పే బౌద్ధ భిక్షువు. ఆయన పేరు ముడిపడింది అక్కడి షావోలిన్ మఠంతో. తాయ్‌చీ పుట్టిల్లు చైనాలోని హెనాన్ రాష్ట్రంలో ఉన్న చెన్‌జియాగో అనే ఊరు. 17వ శతాబ్దపు చెన్ వాంగ్‌టింగ్‌ను దానికి మూలపురుషుడిగా చెబుతారు. ఆ వంశంలోని చెన్ చాంగ్‌షింగ్ దగ్గర యాంగ్ లూచాన్ (1799–1872) నేర్చుకుని బీజింగ్‌లో నేర్పాడు. ఇంకొకరి విద్యను మన ఖాతాలో రాసుకోనక్కర్లేదు. ఇక తడిగడ్డి అంటారా, కాలు జారుతుంది, కింద గుంట ఉన్నా కనబడదు. చదునైన పొడి నేల, పలుచని అట్ట ఉన్న బూట్లు చాలు. వేళ మీ వీలు.

"ఎంత కిందికి కూర్చుంటే అంత లాభం." అసలు ప్రమాదం ఇదీ. యాంగ్ లూచాన్ మనవడు యాంగ్ చెంగ్‌ఫు (1883–1936) చెప్పగా శిష్యుడు చెన్ వెయ్‌మింగ్ రాసిపెట్టిన పది సూత్రాలున్నాయి. తల నిటారుగా, తేలిగ్గా ఉంచమన్నారు. ఛాతీ విరుచుకోవద్దన్నారు. నడుము బిగువు వదలమన్నారు. భుజాలూ మోచేతులూ కిందికి వాలనివ్వమన్నారు. కాళ్లలో ఏది ఖాళీ (బరువు లేనిది), ఏది నిండు (బరువు మోసేది) అన్నది స్పష్టంగా విడదీయమన్నారు. పదింటిలో ఒక్కచోట కూడా "లోతుగా కూర్చో" అని లేదు. మరి ఈ మెసేజ్‌కు ఆ మాట ఎక్కడ దొరికింది? పోటీల్లో ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు తొడ నేలకు సమాంతరంగా వంచి చేసేది చూసి, అరిగిన మోకాళ్లవాళ్లకు అంటగడితే ఎలా?

"మోకాలు తుడిచే అడుగు" అనే కదలికనే తీసుకోండి. ఎడమ అడుగు వేయాలంటే ముందు బరువంతా కుడికాలి మీదికి చేరాలి. ఎడమకాలు పూర్తిగా ఖాళీ అయ్యాకే లేవాలి. ముందుగా మడమ ఆనాలి, అదీ బరువు లేకుండా. పాదాలు రెండూ ఒకే గీత మీద పడకూడదు, అడ్డంగా భుజాలంత ఎడం ఉండాలి. ఎడం లేకపోతే తుంటికి తిరిగే చోటుండదు, ఆ మెలి పోయి మోకాలి మీద పడుతుంది. పాదం పూర్తిగా ఆనాక బరువు మెల్లగా ముందుకు, సుమారు 70 శాతం దాకా వస్తుంది. వెనక పాదం 45 డిగ్రీలు బయటికి తిరిగి ఉంటుంది. ముందు మోకాలు కాలి రెండో వేలి వైపే చూడాలి, వేళ్ల కొనలు దాటకూడదు.

ఎంత ఎత్తులో చేయాలన్నది తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మడమ ఆనిన క్షణంలో ఆగండి. ఒళ్లు ఊగకుండా ఆ కాలిని మళ్లీ వెనక్కి తీసుకోగలరా? తీసుకోలేక పాదం ధబ్బున పడుతోందంటే మరీ కిందికి కూర్చున్నట్టు, లేదా అడుగు పొడవెక్కువైనట్టు. పైకి లేవండి, అడుగు కుదించండి. కొందరికి మోకాలు కొద్దిగా వదులుగా ఉంచి దాదాపు నిలబడి చేయడమే సరైన ఎత్తు. అందులో చిన్నతనమేమీ లేదు.

మోకాలు తలుపు మడతబందు లాంటిది. ముడవడం, చాపడం దాని పని, తిరగడం తుంటి పని. తొడలో సత్తువ లేకుండా కిందికి దిగినవాళ్ల మోకాలు లోపలికి వాలుతుంది. ఆ కాలి మీద బరువుండగానే ఒంటిని తిప్పితే కీలు మధ్య నెలవంక ఆకారంలో ఉండే మెత్తటి పొర (మెనిస్కస్) ఎముకల నడుమ నలుగుతుంది. తిరగాల్సింది గజ్జ దగ్గరి మడత నుంచి.

ఇప్పుడు గుజ్జు సంగతి. మంట అంటే గుజ్జు పుట్టడమా? ఎవరు చెప్పారు? ఏ ఎక్స్‌రేలో చూశారు? తొడ కండరం అలిసి వణకడం వేరు, మోకాలి చిప్ప కిందో కీలు లోపలి పక్కనో పోటు రావడం వేరు. మొదటిది ఫర్వాలేదు. రెండోది వస్తే అక్కడికక్కడే ఆపాలి. ఒళ్లు "వద్దు" అంటున్న నొప్పిని శుభశకునమని చెప్పి పెద్దవాళ్లను ఇంకా కిందికి తోయడం సలహా కాదు, హాని. సిగ్గుపడాల్సిన హాని.

అయితే తాయ్‌చీ మోకాళ్లకు మంచిదన్న మాట మాత్రం నిజం. 2016లో బోస్టన్ పరిశోధకులు మోకాలి కీళ్లవాతం ఉన్న 204 మందిపై చేసిన అధ్యయనం ప్రచురించారు. కొందరికి 12 వారాలపాటు వారానికి రెండుసార్లు తాయ్‌చీ, మిగతావారికి ఫిజియోథెరపీ. నొప్పి తగ్గడంలో రెండూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి. కానీ వాళ్లకు అనుభవమున్న గురువులు ఎదురుగా ఉండి నేర్పారు. తగ్గింది నొప్పి, మెరుగైంది నడక. అరిగిన గుజ్జు తిరిగొచ్చిందని ఆ అధ్యయనం అనలేదు.

శ్వాస బిగబట్టడం ఇంకో పొరపాటు. నెమ్మదిగా చేసే కదలిక మన శ్వాసకంటే పొడవుగా ఉంటుంది. దానికి సరిపడా ఊపిరి ఆపితే భుజాలు పైకి లేస్తాయి, ఛాతీ బిగుస్తుంది, బీపీ పెరుగుతుంది. ముక్కుతో మామూలుగా పీల్చండి, వదలండి. కదలిక కుదిరినకొద్దీ శ్వాస దానంతటదే జత కలుస్తుంది.

ఏడు రోజుల మాటలో కొంత నిజముందని ఒప్పుకుంటాను. 24 కదలికల వరుస వారంలో గుర్తుపెట్టుకోగలిగినవాళ్లు ఉంటారు. ఈ పొట్టి వరుసను 1956లో చైనా ప్రభుత్వ క్రీడాశాఖ కూర్చింది. పొడవైన పాత వరుస నేర్చినవాళ్లు దీన్ని చులకనగా చూస్తారు గానీ, మోకాళ్లు నొప్పిగా ఉన్నవాళ్లకు ఇదే మేలు. ఇందులో అడుగు మార్చేముందు బరువును వెనక కాలి మీదికి తీసుకుని, ఖాళీ అయిన ముందు పాదాన్ని అప్పుడు తిప్పుతారు. బరువున్న కాలిని తిప్పే బాధ తప్పుతుంది.

వరుస గుర్తుండటం నేర్చుకోవడం కాదు. "మబ్బు చేతులు" అనే కదలిక చేసేటప్పుడు బొడ్డు, చెయ్యి కలిసి కదలాలి. బొడ్డు ఒకవైపే చూస్తూ చేతులు మాత్రం ఊగుతుంటే అక్కడ తాయ్‌చీ లేదు. బరువు చేరకముందే చెయ్యి చేరినా అంతే. ఇవి దిద్దడానికి మనిషి కావాలి. గురువు దొరకని ఊళ్లో వీడియోనే గతి అంటే, వెనక నుంచి తీసిన వీడియో ఎంచుకోండి, ఎదురుగా తీసినదైతే కుడిఎడమలు తారుమారవుతాయి. వారానికి ఒకటి రెండు కదలికలు మించొద్దు. నొప్పికి ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్లు ముందు డాక్టర్ని అడగండి.

ఈ మెసేజ్ మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇప్పటికే చేరి ఉంటే, రేపు వాళ్లు చేస్తున్నప్పుడు ఎదురుగా నిలబడి ముందు మోకాలు చూడండి. అది బొటనవేలు దాటి లోపలికి వాలుతుంటే, "అమ్మా, కొంచెం పైకి లేచి చెయ్యి" అని చెప్పండి.