చెరువుకూ ఒక హాజరు పట్టీ

మొదటి పది నిమిషాలూ పిల్లలకు విసుగే. తెల్ల ప్లాస్టిక్ బేసిన్‌లో చెరువు నీళ్లు పోస్తే కనిపించేది బురద, రెండు తుంగ పోచలు, ఒక కుళ్లిన ఆకు ముక్క. "ఇందులో ఏం లేదు సార్" అంటారు. బురద అడుగుకు దిగేదాకా ఓపిక పట్టాలి. అప్పుడు ఆకు ముక్క అనుకున్నది మెల్లగా ఒక అడుగు వేస్తుంది.

నిరుడు చలికాలంలో మా ఊరి బడి ఎనిమిదో తరగతి పిల్లలతో మత్తడి పక్కన కూర్చున్నప్పుడు నేను చూసిందిదే. ఆ ఆకు ముక్క తూనీగ పిల్ల. రెక్కలు రాకముందు తూనీగ వారాలు, నెలలు నీళ్లలోనే బతుకుతుందని అక్కడున్న వాళ్లలో ఒక్కరికీ తెలియదు. తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసిన వాళ్లు మాత్రం సగం మంది ఉన్నారు. దోమ పిల్ల ఒకటి దగ్గరికి రాగానే తూనీగ పిల్ల కింది పెదవి మడత విప్పుకుని చెయ్యి చాపినట్టు దూసుకొచ్చి పట్టేసింది. అది ఊపిరి తీసుకునేది వెనక భాగం నుంచి అని, ప్రమాదం వస్తే అక్కడి నీళ్లనే వెనక్కి చిమ్మి రాకెట్‌లా ముందుకు పోతుందని సార్ చెప్పేసరికి నవ్వులు ఆగలేదు.

బడి ఎక్స్‌కర్షన్ అంటే మనకు జూ, పార్కు, ఏదో ఒక ఫ్యాక్టరీ. కొల్లేరు వైపు వాళ్లయితే ఆటపాక పక్షుల కేంద్రం. వాటిని తప్పుపట్టడం లేదు. కానీ గూడకొంగను గట్టు మీద నుంచి చూసి, ఫొటో దిగి, పులిహోర తిని బస్సెక్కితే పిల్లల చేతిలో మిగిలేదేమీ లేదు. మళ్లీ వెళ్లరు కాబట్టి పోల్చుకోవడానికీ ఏమీ ఉండదు. సొంత ఊరి చెరువుకు ఏడాదికి రెండుసార్లు, అదే చోటుకి, అదే జల్లెడతో వెళ్లడంలో ఉన్న లాభం వేరు. అక్కడ తయారయ్యేది ఆ చెరువులో ఏ ప్రాణులు ఎన్ని ఉన్నాయన్న లెక్క.

ఆ లెక్క ఎందుకంటారా? 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులు బాగుచేయాలనుకున్నారు. పూడిక తీశారు, కట్టలు గట్టి చేశారు, మట్టి పొలాలకు పోయింది. మంచి పనే. ఆ తర్వాత వేల చెరువుల్లో బొచ్చె, రవ్వు చేప పిల్లల్ని వదిలారు. దోమల్ని తగ్గించడానికి గంబూసియా చేపల్ని వదలడం అంతకుముందు నుంచే ఉంది. ఆ చేప దోమ పిల్లలతో ఆగదు, చిన్న నీటి ప్రాణుల్నీ కప్ప పిల్లల్నీ కూడా తింటుంది. పూడిక తీయకముందు ఆ మట్టిలో ఏమేం ఉండేవి? చేపలు పడ్డాక ఏవి తగ్గాయి? చెరువు నీళ్లు ఎన్ని అడుగులున్నాయో రాసుకున్నాం, ఎన్ని చేప పిల్లలు వేశామో రాసుకున్నాం. పురుగులు, నత్తలు, జలగల లెక్క మాత్రం ఏ ఊరి రికార్డులోనూ కనపడదు.

నీటి పరీక్ష చేయిస్తే చాలదా అని అడగొచ్చు. మన దగ్గర నీటిలో కుళ్లే మురుగు ఎంతుందో చెప్పే బీఓడీ పరీక్షకు నీటిని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి ఆక్సిజన్ ఎంత ఖర్చయిందో చూస్తారు. అది సీసా ముంచిన ఆ పూట సంగతి చెబుతుంది. రాత్రి ఎవరో ట్యాంకర్ మురుగు వదిలిపెట్టి పోతే వారం తర్వాతి సీసాకు ఆ సంగతి తెలియకపోవచ్చు. రెండు నెలలుగా అక్కడే ఉన్న తూనీగ పిల్లకు తెలుస్తుంది. ఈ ఆలోచనతోనే 1980 ప్రాంతంలో బ్రిటన్‌లో, దొరికిన ప్రాణుల్ని బట్టి నీటికి మార్కులు వేసే బీఎండబ్ల్యూపీ అనే పద్ధతి తయారైంది. కాలుష్యం తట్టుకోలేని జీవులకు పది దాకా మార్కులు, బురద వానపాముల్లాంటి వాటికి ఒకటి. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గరా ఇలాంటి జీవ ప్రమాణాలున్నాయి. దక్షిణాఫ్రికాలో ఇలాంటి పద్ధతినే బడి పిల్లలు కూడా వాడగలిగేలా మినీశాస్ అని పదమూడు జీవుల గుంపులకు కుదించారు.

అయితే ఇక్కడొక చిక్కుంది, ఉత్సాహంలో దీన్ని మర్చిపోతారు. ఆ మార్కులన్నీ పారే నీటి కోసం లెక్కకట్టినవి. పది మార్కుల స్టోన్‌ఫ్లై లాంటి పురుగులకు చల్లగా, గలగలా పారే నీళ్లు కావాలి. దక్కను చెరువులో అవి దొరకకపోతే అది కాలుష్యం వల్ల కాదు, అక్కడ వాటికి చోటే లేదు. విదేశీ పట్టిక జిరాక్స్ తీసి పంచితే ప్రతి చెరువూ ఫెయిలే. అందుకే చెరువును దానితోనే పోల్చాలి. పోయినసారికీ ఈసారికీ తేడా ఏంటి, కాలువ కలిసే మూలకీ తామర ఉన్న మూలకీ తేడా ఏంటి అని. ఒక మూల ఎర్ర పురుగులే కుప్పలుగా ఉన్నాయంటే అక్కడ ఆక్సిజన్ తక్కువని అనుమానించొచ్చు. వాటి ఎరుపు మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్‌దే, ఊపిరాడని బురదలో అవి బతికేది దాని బలంతోనే.

ఖర్చు పెద్ద విషయం కాదు. కర్రకు కట్టిన టీ జాలి, తెల్ల బేసిన్, పాత చెంచాలు, ఒక భూతద్దం. చూశాక అన్నిటినీ తెచ్చిన చోటే వదలాలి. అసలు అడ్డంకి భయం. 2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయిన దృశ్యం ఇంకా కళ్ల ముందే ఉంది. నీళ్ల దగ్గరికి అంటే ఏ హెడ్మాస్టరూ సంతకం పెట్టడు, ఆయన్ని తప్పుపట్టలేం. కానీ ఈ పనికి నీళ్లలోకి దిగక్కర్లేదు. లోతు తెలిసిన చోట, ఒడ్డు మీద కూర్చుని, పొడవాటి కర్రతో జాలి ముంచడమే. పది మందికి ఒక పెద్ద, ఈత వచ్చినవాళ్లు ఇద్దరు, పక్కన ఒక తాడు. మురుగు కలిసే చెరువైతే పిల్లల్ని అసలు తీసుకెళ్లొద్దు. చేతికి గాయమున్న వాళ్లు రాసే పని చూసుకోవాలి, చివర్లో అందరూ సబ్బుతో కడుక్కోవాలి.

ఇక టైమ్ లేదనే మాట. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పది రోజులు సంచి లేని బడి ఉండాలంది. బడుల్లో ఎకో క్లబ్బులు 2001 నుంచీ ఉన్నాయి, చాలాచోట్ల మొక్క నాటి ఫొటో దిగడంతో సరి. ఆ పది రోజుల్లో రెండు పూటలు చెరువుకిస్తే చాలు. ఒక్కటే షరతు, దీన్ని ప్రాజెక్టు రికార్డుగా మార్చి మార్కులు పెట్టకూడదు. పెట్టిన మరుక్షణం పిల్లలు గైడ్ చూసి పురుగుల పేర్లు రాసేస్తారు, చెరువులో లేనివి కూడా.

మా ఊరి పిల్లలు ఎండలు ముదిరాక మళ్లీ వెళ్లారు. నీళ్లు తగ్గి ఒడ్డు చాలా లోపలికి జరిగింది. తూనీగ పిల్లలు మూడే దొరికాయి, నత్తలు మాత్రం గుట్టలు. కొత్తగా దొరికింది ఒకటే, వీపు నిండా గుడ్లు అతికించుకున్న గోధుమ రంగు పురుగు. ఆడది గుడ్లన్నీ మగదాని వీపు మీద పెట్టి వెళ్లిపోతుంది, అవి పిగిలేదాకా మోసే పని దానిదే. కుడుతుంది, చేత్తో పట్టుకోవద్దని సార్ చెంచాతో తీసి చూపించారు. తెలుగులో దాన్ని ఏమంటారో ఆయనకూ తెలియలేదు. రిజిస్టర్ రాస్తున్న అమ్మాయి కాసేపు ఆలోచించి 'నాన్న పురుగు - 1' అని రాసుకుంది. ఎవరూ దిద్దలేదు.